నాన్నా, పొరపాటున వేస్తే? (భారత్, పాకిస్తాన్ అణుబాంబుల సంగతి, తెలిసినవాళ్ళు చెప్పండి)

కోవూరు_వరిమడి | రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా మనసులో తొలుస్తున్న మాట ఇది. ఇక్కడ మిలిటరీలో చేసినవాళ్ళు, పాఠాలు చెప్పేవాళ్ళు ఉన్నారు కాబట్టి ధైర్యం చేసి పెడుతున్నాను.

2025 మే 7 నుంచి 10 దాకా మనకీ పాకిస్తాన్‌కీ దాడులు నడిచిన ఆ నాలుగు రోజులు మా ఇంట్లో టీవీ కట్టేసింది లేదు. ఒక ఛానెల్ అయితే సైరన్ మోత పెట్టి మరీ వార్తలు చదివింది. మా నాయన డెబ్బై దాటినాయన. గోడకానుకుని కూర్చుని "మనకేం కాదులేరా, అది యాడో పంజాబులో, కాశ్మీరులో జరిగేది, పెన్నా ఒడ్డుకి వస్తుందా" అంటూ ఉన్నాడు. నేనూ అదే అనుకుని ఎడగారు పంట పని చూసుకుని వస్తూ ఉన్నాను. ఒకరోజు రాత్రి అన్నం తినేటప్పుడు మా చిన్నది, ఎనిమిదో తరగతి, చెయ్యి కంచంలోనే పెట్టుకుని అడిగింది: "నాన్నా, మన దగ్గరా వాళ్ళ దగ్గరా అణుబాంబులు ఉన్నాయి కదా, ఎవరైనా పొరపాటున వేస్తే?"

కోపంతో వేస్తే అని అడగలేదు, పొరపాటున వేస్తే అని అడిగింది. "అట్లా జరగదులే, తిను" అన్నాను. జరగదని నాకెలా తెలుసు? నాకే తెలియని దాన్ని బిడ్డకి ఖాయంగా చెప్పేశాను, అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అందుకే అడుగుతున్నాను. నిజంగా అంతదాకా వస్తుందా, వస్తే మనదాకా వస్తుందా?

కావలి_కుర్రోడు | రాత్రి 9:30

అన్నా, మీ బాధ అర్థమైంది కానీ నేను వేరే మాట చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఆ ఏడాది ఏప్రిల్ 22న కాశ్మీరులోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. సెలవులకి పోయినవాళ్ళు, పెళ్ళాం బిడ్డల ముందే. వాళ్ళలో మన జిల్లా మనిషి కూడా ఉన్నాడు. ఆ వారం మా ఊర్లో ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. ఎప్పుడు గట్టిగా బదులిద్దామన్నా "అమ్మో అణుబాంబు" అని మనల్నే వెనక్కి లాగుతారు. స్వీడన్‌లోని సిప్రి సంస్థ లెక్క ప్రకారం 2025 మొదట్లో మన దగ్గర దాదాపు 180, వాళ్ళ దగ్గర దాదాపు 170 ఉన్నాయి. దేశమా మనది పెద్దది, సైన్యమా మనది పెద్దది. భయం వాళ్ళకి ఉండాలి కానీ మనకెందుకు?

గిద్దలూరు_హవల్దార్ | రాత్రి 9:58

తమ్ముడూ, నీ కోపంలో తప్పు లేదు. ఆ కోపంతోనే నేను రైలెక్కాను.

2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. సెలవు మీద ఇంటికొచ్చి ఉన్న మమ్మల్ని వెంటనే వెనక్కి రమ్మన్నారు. ఆపరేషన్ పరాక్రమ్ అన్నారు. పది నెలలు రాజస్థాన్ సరిహద్దులో ఉన్నాం. రైతుల చేలల్లో మందుపాతరలు పెట్టాం, తర్వాత వాటినే మళ్ళీ ఏరాం. ఒక్కరోజు కూడా యుద్ధం జరగలేదు, అయినా మందుపాతరలకీ ప్రమాదాలకీ మనవాళ్ళు వందల మంది పోయారు. ఈ సంగతి ఎవరూ చెప్పుకోరు.

నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. అణుదాడి జరిగితే వేసుకోవాల్సిన సూటు ఒకటి ఉంటుంది, మాస్కు, చేతులకి మందం గ్లౌజులు, బూట్ల మీద ఇంకో బూట్లు. ఎడారి ఎండలో అది వేయించి ప్రాక్టీస్ చేయించారు. పది నిమిషాలకి చెమట మోచేతుల దగ్గర చేరి గ్లౌజుల్లోకి కారుతుంది. తుపాకీ పట్టు దొరకదు. పక్కనున్నవాడు అరిచినా వినపడదు. మా వాడు ఒకడు, కర్నూలు పిల్లోడు, సూటు విప్పాక నన్ను అడిగాడు: "అన్నా, మనకి ఇది ఇచ్చారు సరే, ఆ గుడిసె ముందర గేదెకి నీళ్ళు పెడుతున్న ముసలమ్మకి ఏం ఇచ్చారు?" నేనేం చెప్పలేకపోయాను. ఆ ఊరు మాకు అర కిలోమీటరు దూరంలో ఉండేది.

భయం అంటే పిరికితనం కాదు తమ్ముడూ. నేను భయపడ్డాను, అయినా పోస్టు వదల్లేదు.

కందుకూరు_ఫిజిక్స్ | రాత్రి 10:25

హవల్దార్ గారికి నమస్కారం. కావలి తమ్ముడూ, 180, 170 అనే లెక్కను క్రికెట్ స్కోరులాగా చూడకూడదు. హిరోషిమా మీద 1945 ఆగస్టు 6న పడింది ఒక్కటే, దాని బలం సుమారు 15 కిలోటన్నులు (అంటే 15 వేల టన్నుల టీఎన్‌టీ పేలుడు మందుకి సమానం), ఆ సంవత్సరం చివరికల్లా సుమారు లక్షా నలభై వేల మంది చనిపోయారు. ఇప్పుడున్న వాటిలో అంతకన్నా ఎక్కువ బలమైనవి ఉన్నాయి. మనకి పది ఎక్కువున్నా, పది తక్కువున్నా, ఢిల్లీకో లాహోరుకో ఒరిగేది ఏమీ లేదు.

అసలు చూడాల్సింది ఎవరి నియమం ఏమిటన్నది. మనం 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో పరీక్షలు చేశాం, వాళ్ళు మే 28న బలూచిస్తాన్‌లోని చాగై కొండల్లో, 30న మళ్ళీ ఇంకొకటి చేశారు. 2003 జనవరిలో మన ప్రభుత్వం ముందుగా మేము వాడం, మా మీద వాడితే మాత్రం తట్టుకోలేనంత బదులు ఉంటుంది అని ప్రకటించింది. పాకిస్తాన్ అలాంటి మాట ఇవ్వలేదు. మామూలు యుద్ధంలో మనతో నిలబడలేమన్న భయంతోనే, ఓడిపోయే పరిస్థితి వస్తే వాడతాం అన్న దారిని తెరిచి పెట్టుకుంది. 2011లో నస్ర్ అని ఒక చిన్న క్షిపణిని పరీక్షించారు, అది పోయేది 60 కిలోమీటర్లు. అంత దగ్గర్లో వాడేది ఎవరి మీద? సరిహద్దు దాటి లోపలికి వచ్చే మన ట్యాంకుల మీద, అదీ వాళ్ళ నేల మీదే.

ఇక్కడే నాకు నిద్ర పట్టదు. వాళ్ళు "చిన్నది వేస్తాం, అంతటితో ఆగుతుంది" అనుకోవచ్చు. మనం "చిన్నదైనా పెద్దదైనా బదులు పెద్దదే" అని రాసి పెట్టుకున్నాం. ఇద్దరూ నిజమే చెబుతున్నారనుకుంటే మధ్యలో ఆగే మెట్టు ఏదీ?

ఇంకోటి, అమెరికా, రష్యాలకి మధ్య సముద్రాలున్నాయి. క్షిపణి చేరడానికి అరగంట పట్టేది. మనకి, వాళ్ళకి మధ్య ఉన్నది ఒక కంచె. ఐదు నుంచి పది నిమిషాల పని. అంటే రాడార్‌లో చుక్క కనపడ్డాక అది నిజమా కాదా తేల్చుకోవడానికి టీ కాచుకునేంత టైం కూడా లేదు.

చీమకుర్తి_గెలాక్సీ | రాత్రి 10:41

మాస్టారూ, మీరు చెప్పినవన్నీ సరే. కానీ రెండో పక్క కూడా చూడాలి. 1947-48లో యుద్ధం, 65లో యుద్ధం, 71లో యుద్ధం. 1998 తర్వాత పూర్తి స్థాయి యుద్ధం ఒక్కటి కూడా లేదు. ఎందుకు లేదు? ఇద్దరి దగ్గరా బాంబు ఉంది కాబట్టే. 2019లో పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన విమానదాడి తర్వాత ఎక్కడ ఆగిందో చూశాం, 2025లో నాలుగు రోజులకి ఆగింది. బాంబు లేకపోతే ఆగేదా? నేను క్వారీలో పనిచేసేవాణ్ణి. మందు పెట్టి రాయి పేల్చేటప్పుడు మందంటే భయం ఉన్నవాడే జాగ్రత్తగా ఉంటాడు. రెండు దేశాలూ అట్లాగే ఉన్నాయని నా నమ్మకం.

కందుకూరు_ఫిజిక్స్ | రాత్రి 10:59

గెలాక్సీ గారూ, మీ మాట కొట్టిపారేసేది కాదు, పెద్ద పెద్ద పండితులు కూడా అదే అంటారు. కానీ కార్గిల్ మర్చిపోవద్దు. 1998 మేలో రెండు దేశాలూ పరీక్షలు చేశాయి. 1999 ఫిబ్రవరిలో వాజపేయి గారు బస్సులో లాహోర్ వెళ్ళి వచ్చారు. ఆ మేలోనే కార్గిల్. 527 మంది మన జవాన్లు పోయారు. బాంబు ఉంది కాబట్టి ఇండియా పెద్ద యుద్ధానికి రాదులే అన్న ధీమాతోనే వాళ్ళు కొండలెక్కారని చాలామంది అంటారు. అంటే బాంబు పెద్ద యుద్ధాన్ని ఆపిందేమో కానీ చిన్న యుద్ధాలకి తలుపు తీసింది. ఒక్కో చిన్న యుద్ధమూ పెద్దదానికి మెట్టే కదా. 2019లో కొట్టింది బాలాకోట్‌ని. 2025లో వాళ్ళ పంజాబు రాష్ట్రం లోపలికి, వాళ్ళ వైమానిక స్థావరాల దాకా పోయాం. వాళ్ళు డ్రోన్లు పంపారు. ప్రతిసారీ ఇంకొంచెం పైకి.

మీ క్వారీ మాటకి కూడా ఒకటి అడుగుతాను. మందు పేల్చే ముందు ఈల వేసి, చుట్టుపక్కల అందరూ పోయారా లేదా చూసుకుంటారు కదా? ఇక్కడ ఆ ఈలకి టైం ఉందా?

చీమకుర్తి_గెలాక్సీ | రాత్రి 11:04

ఈల సంగతి మీరన్నది నిజమే. ఆలోచించాల్సిందే.

సూళ్లూరుపేట_పిల్ల | రాత్రి 11:20

జిల్లాలు మారి మేం తిరుపతి కిందికి పోయినా నేను నెల్లూరు పిల్లనే, కాబట్టి మాట్లాడతాను.

పొరపాటు అన్నారు కదా అన్నా, మీ పాప అడిగింది చాలా సరైన ప్రశ్న. మా ఊళ్ళో శ్రీహరికోట రాకెట్ ఎగిరే రోజు అందరం మిద్దెక్కుతాం. ముందు వెలుగు కనిపిస్తుంది, నిశ్శబ్దంగా పైకి పోతుంది, మేం ఈలలు వేస్తాం, ఒక నిమిషం ఆగాక అప్పుడు మోత వస్తుంది, వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. మాకది పండగ. కానీ అదే రాకెట్ వెలుగు రాడార్ ముందు కూర్చున్న వేరే దేశం వాడికి ఎట్లా కనిపిస్తుంది? ఇది ఊహ కాదు, జరిగింది. 1995 జనవరి 25న నార్వేలో శాస్త్రవేత్తలు ఉత్తర ధ్రువ కాంతులను పరిశోధించడానికి ఒక రాకెట్ పంపారు. ముందుగానే రష్యాకి చెప్పారు కూడా. ఆ కబురు రాడార్ దగ్గరున్న మనిషి దాకా చేరలేదు. వాళ్ళకి అది అమెరికా జలాంతర్గామి వదిలిన క్షిపణిలా కనపడింది. రష్యా అధ్యక్షుడు ఎల్త్సిన్ ముందు అణు ఆదేశాల పెట్టె తెరిచారు. కొన్ని నిమిషాలకి అది సముద్రంలో పడుతోందని తేలింది కాబట్టి సరిపోయింది. అంతకుముందు 1983 సెప్టెంబరు 26న సోవియట్ అధికారి పెట్రోవ్‌కి కంప్యూటరు ఐదు అమెరికా క్షిపణులు వస్తున్నాయని చూపించింది. ఆయన నమ్మలేదు. ఉపగ్రహం సూర్యకాంతిని చూసి పొరబడిందని తర్వాత తేలింది. ఒక్క మనిషి నమ్మకపోవడం వల్ల మనం పుట్టాం, పెరిగాం.

ఇక మనదే. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. సరిహద్దు దాటి వంద కిలోమీటర్ల పైనే. ఎవరి ప్రాణమూ పోలేదు. మన ప్రభుత్వం రెండు రోజుల తర్వాత ఒప్పుకుని విచారం తెలిపింది, ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగం నుంచి తీసేసింది. అది మామూలు రోజు కాబట్టి బతికిపోయాం. అదే 2025 మే 9 రాత్రి జరిగి ఉంటే?

కోవూరు_వరిమడి | రాత్రి 11:31

అమ్మా, ఇది నాకు తెలియనే తెలియదు. ఒళ్ళు జలదరించింది.

కావలి_కుర్రోడు | రాత్రి 11:44

నాకూ బ్రహ్మోస్ సంగతి లీలగా గుర్తుంది కానీ ఇట్లా ఆలోచించలేదు. నా కోపం పోలేదు, పోదు కూడా, చంపినవాళ్ళకి శిక్ష పడాల్సిందే. కానీ "ఒకటి వేసి పారేస్తే పీడా పోతుంది" అని మా ఫ్రెండ్స్ గ్రూపులో నేనే రాశాను. అది ఇందాక తీసేశాను.

ఆత్మకూరు_స్టాఫ్‌నర్స్ | ఉదయం 6:50

నైట్ డ్యూటీ దిగి వచ్చి అంతా చదివాను. మీరు క్షిపణుల గురించి మాట్లాడారు, నేను మంచాల గురించి మాట్లాడతాను.

నేను కొన్నేళ్ళు కాలిన గాయాల వార్డులో చేశాను. గ్యాస్ పేలి, స్టవ్ అంటుకుని వచ్చేవాళ్ళు. అరవై కిలోల మనిషికి ఒంటి మీద నలభై శాతం కాలిందనుకోండి. మేం వేసే లెక్క ఇది: నాలుగు మిల్లీలీటర్లు ఇంటూ బరువు ఇంటూ కాలిన శాతం. అంటే 9,600 మిల్లీలీటర్లు. అర లీటరు సీసాలు దాదాపు ఇరవై, మొదటి 24 గంటల్లో, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే ఎక్కాలి. నరం దొరకదు. డ్రెస్సింగ్ మార్చాలంటే ఇద్దరం పట్టుకోవాలి, ఒకరు మాట్లాడుతూ ఉండాలి, లేకపోతే ఆ నొప్పికి మనిషి నిలవడు. గుడ్డ గాయానికి అతుక్కుని ఉంటుంది, సెలైన్‌తో తడిపి తడిపి గోరంత గోరంత తీయాలి. ఒక్కో మనిషికి గంట పైనే. ఒక పెళ్ళిలో వంట దగ్గర అంటుకుని ఒకేసారి ఏడుగురు వస్తే ఆ రాత్రి మేం ఎవ్వరం కూర్చోలేదు, మంచినీళ్ళు తాగలేదు, తెల్లారేసరికి ఇద్దరు పోయారు.

ఏడుగురికే అట్లా. హిరోషిమాలో వేలల్లో కాలారు, డాక్టర్లు, నర్సుల్లో నూటికి తొంభై మందికి పైగా చనిపోవడమో గాయపడటమో జరిగింది. చూసేవాళ్ళే లేరు. కాబట్టి "దాడి తర్వాత సహాయ చర్యలు" అని టీవీలో ఎవరన్నా మాట్లాడితే నాకు కడుపు మండిపోతుంది. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు పెద్దలు. ఏ రాష్ట్రంలోనూ, ఏ దేశంలోనూ కాలిన గాయాల వార్డుల్లో అన్ని మంచాలు లేవు. ఆసుపత్రి దాన్ని చూసుకుంటుందని ఎవరూ అనుకోవద్దు, ప్లీజ్.

కనిగిరి_మెట్టపొలం | ఉదయం 7:35

నర్సమ్మ మాటలు చదివాక టీ దిగలేదు.

కోవూరు అన్నా, మీ నాయన గారు అన్నది, మనదాకా రాదని, దాని గురించి ఎవరూ చెప్పలేదు. ఎక్కడో చదివాను, బాంబుల పొగ పైకి పోయి ఎండని ఆపేస్తుందని, వానలు కూడా పోతాయని. అది నిజమేనా మాస్టారూ? ఎందుకంటే మీకు సోమశిల ఉంది, కాలవ ఉంది. మాకు వాన తప్ప ఏమీ లేదు. వెలిగొండ నీళ్ళ కోసం తాతల కాలం నుంచి ఎదురుచూస్తున్నాం. మా వైపు ఒక్క వాన తప్పితే కందికి పూత నిలవదు, రెండు తప్పితే మనుషులు బస్సెక్కి బెంగుళూరు పోతారు.

కందుకూరు_ఫిజిక్స్ | ఉదయం 8:10

నిజమే అంటున్నారు చాలామంది శాస్త్రవేత్తలు. బాంబు కన్నా తర్వాత వచ్చే మంటలు ముఖ్యం. ఊళ్ళకి ఊళ్ళు, ఆయిలు డిపోలు, ప్లాస్టిక్కు, తారు, టైర్లు, అన్నీ కాలితే వచ్చే నల్ల మసి వానమేఘాల కంటే పైకి పోతుంది. అక్కడ వాన ఉండదు కాబట్టి దాన్ని కడిగేది ఉండదు, ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. 2007లో రోబాక్, టూన్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ళ తోటివాళ్ళు కలిసి లెక్క కట్టారు: భారత్, పాకిస్తాన్ చెరి యాభై హిరోషిమా సైజు బాంబులు వాడితే 50 లక్షల టన్నుల మసి పైకి పోతుంది, భూమి సగటు వేడి ఒకటింపావు డిగ్రీ పడిపోతుంది, వాన ప్రపంచం మొత్తం మీద సుమారు పది శాతం తగ్గుతుంది. 2022లో నేచర్ ఫుడ్ అనే పత్రికలో వచ్చిన ఇంకో లెక్క ఇంతకన్నా పెద్ద భారత్-పాక్ యుద్ధాన్ని తీసుకుంది, అందులో ఆకలితోనే 200 కోట్ల మందికి పైగా చనిపోవచ్చని తేలింది. బాంబు పడని దేశాల వాళ్ళే ఎక్కువ.

ఒకటింపావు డిగ్రీ అంటే ఏముందిలే అనిపిస్తుంది. ఇండోనేషియాలో 1815లో తంబోరా అగ్నిపర్వతం పేలితే, మరుసటి ఏడాది యూరప్‌లో, అమెరికాలో ఎండాకాలమే రాలేదు, జూన్‌లో మంచు పడింది, పంటలు పోయాయి. అది కూడా ఒకటి రెండేళ్ళలో సర్దుకుంది. మసి అంత త్వరగా దిగదు.

చీమకుర్తి_గెలాక్సీ | ఉదయం 8:32

మాస్టారూ, అందరూ ఒప్పుకోలేదు కదా. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల వాళ్ళు 2018లో అంత మసి అంత పైకి పోదని రాశారు. మా మేనల్లుడు చదివి చెప్పాడు. భయపెట్టేటప్పుడు రెండు లెక్కలూ చెప్పాలి.

కందుకూరు_ఫిజిక్స్ | ఉదయం 8:50

సరిగ్గా చెప్పారు, అది నేను చెప్పి ఉండాల్సింది. ఊరు ఎంత దట్టంగా ఉంది, కాలే సరుకు ఎంత, మంట ఎంత ఎత్తుకి లేస్తుంది, అన్నదాని మీద ఆ తగాదా ఇంకా నడుస్తోంది. కానీ ఆ లెక్క తేల్చుకోవడానికి నిజంగా కాల్చి చూడలేం కదా. అందులో పదో వంతు నిజమైనా కనిగిరి ఆయన కంది సంగతి ఏమిటి?

కోవూరు_వరిమడి | ఉదయం 9:05

ఇక్కడ నాకు వ్యవసాయం మాట దొరికింది కాబట్టి చెప్తాను. మా వరి పొట్ట మీద ఉన్నప్పుడు నాలుగు రోజులు మబ్బు పట్టి చలి తిరిగితే చాలు, వెన్ను బయటికి వస్తుంది కానీ తాలు. చేత్తో నలిపితే గింజ ఉండదు, ఊక ఉంటుంది. నెల్లూరు మొలగొలుకులు తిని పెరిగిన వాళ్ళం, ఆ బియ్యం వాసన ఇల్లంతా ఉండేది. నాలుగు రోజుల మబ్బుకే అట్లా అయితే ఏళ్ళ తరబడి ఎండ పల్చబడితే ఎట్లా? మాకు పెద్ద వాన అక్టోబరు తర్వాత ఈశాన్యం నుంచి వచ్చేదే. ఆ గాలి తిరగకపోతే సోమశిల 78 టీఎంసీల డ్యాం అయినా అందులో నీళ్ళు యాడ నుంచి వస్తాయి?

ఇది మా నాయనకి చదివి వినిపించాను. ఆయన 71 యుద్ధం రేడియోలో విన్న మనిషి. "అవునురా, అప్పుడు ఘాజీ అని వాళ్ళ సబ్‌మెరైన్ వైజాగ్ దాకా వచ్చి మునిగిపోయింది, నేనే మర్చిపోయాను" అన్నాడు. తర్వాత "యాడో" అనే మాట ఆయన నోట రాలేదు.

కందుకూరు_ఫిజిక్స్ | ఉదయం 9:14

పెద్దాయన గొప్ప మాట గుర్తు చేశారు. ఇప్పుడైతే సబ్‌మెరైన్ కూడా అక్కర్లేదు. 2015లో పరీక్షించిన షాహీన్-3 క్షిపణి 2,750 కిలోమీటర్లు పోతుందని వాళ్ళే ప్రకటించారు. నెల్లూరు, చెన్నై, శ్రీహరికోట, అన్నీ అందులో వస్తాయి. మన అరిహంత్, అరిఘాత్ అణు జలాంతర్గాములు తయారైంది విశాఖలోనే. తూర్పు తీరం దూరం అనుకునే రోజులు పోయాయి.

ఒంగోలు_లా_లెక్చరర్ | ఉదయం 10:20

ఇంతసేపూ భయం మాట్లాడుకున్నాం, దాన్ని ఆపడానికి ఉన్న తాళ్ళు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అవి తెగుతుంటే మనం చూసుకోవట్లేదు.

1988 డిసెంబర్ 31న రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టోల కాలంలో ఒక ఒప్పందం జరిగింది. ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని. 1991లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 1992 నుంచి ప్రతి జనవరి 1న రెండు దేశాలూ తమ అణుకేంద్రాల జాబితాను ఒకరికొకరు ఇచ్చుకుంటాయి. కార్గిల్ తర్వాత వచ్చిన జనవరిలో ఇచ్చుకున్నారు. సైన్యాలు సరిహద్దులో ఎదురెదురుగా నిలబడి ఉన్న 2002 జనవరి 1న కూడా ఇచ్చుకున్నారు. 2005లో బాలిస్టిక్ క్షిపణి (పైకెగిరి వంపు తిరిగి వచ్చి పడేది) పరీక్షలకు ముందు చెప్పుకోవాలని ఇంకో ఒప్పందం. 2007లో అణ్వాయుధ ప్రమాదం జరిగితే వెంటనే కబురు చేయాలని మరొకటి.

కానీ చూడండి, 2005 ఒప్పందం బాలిస్టిక్ వాటికే. బ్రహ్మోస్ లాంటి క్రూయిజ్ క్షిపణులకి, అంటే విమానంలా ఎగురుతూ పోయేవాటికి, వర్తించదు. సూళ్లూరుపేట అమ్మాయి చెప్పిన ప్రమాదం సరిగ్గా ఆ సందులోంచే జారింది. ఆ సందు మూయమని అడగడానికి పాకిస్తాన్ మీద ప్రేమ ఉండాల్సిన పని లేదు, మన పిల్లల మీద ఉంటే చాలు.

నీళ్ళ సంగతి కూడా ఇందులోదే. సింధు, దాని ఉపనదుల నీళ్ళు రెండు దేశాలూ పంచుకునే 1960 సింధు జలాల ఒప్పందం 65, 71, కార్గిల్, మూడు యుద్ధాల్లోనూ నిలబడింది. 2025 ఏప్రిల్ 23న మనం దాన్ని నిలిపివేశాం. పహల్గాం తర్వాత ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో నాకు అర్థమవుతుంది. కానీ పాకిస్తాన్ అణు విభాగాన్ని నడిపిన కిద్వాయ్ అనే జనరల్ ఎప్పుడో 2002 ప్రాంతంలోనే బాంబు ఎప్పుడు వాడతామో చెబుతూ నాలుగు సందర్భాలు చెప్పాడు: భూమి పెద్ద ఎత్తున పోతే, సైన్యం చాలావరకు నాశనమైతే, ఆర్థికంగా గొంతు నులిమితే, దేశం లోపల అస్థిరత సృష్టిస్తే. నీళ్ళు మూడో దాని కిందికి వస్తాయని వాళ్ళు అనుకుంటే? కర్ణాటక పైన డ్యాం ఎత్తు పెంచుతుందంటేనే మనం ఎంత గొడవ చేస్తామో గుర్తు తెచ్చుకోండి.

కావలి_కుర్రోడు | ఉదయం 10:48

మేడమ్, నీళ్ళ విషయంలో నేను మీతో ఏకీభవించను. ఉగ్రవాదం ఆపనంతకాలం నీళ్ళు ఇవ్వాల్సిన పని లేదు. కానీ క్రూయిజ్ క్షిపణుల ఒప్పందం మాట మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం. ఇది మన ఎంపీ గారిని పార్లమెంటులో అడగమని మనం రాయొచ్చా? రాస్తే నేను సంతకం పెడతాను.

ఒంగోలు_లా_లెక్చరర్ | ఉదయం 10:55

తప్పకుండా రాయొచ్చు నాయనా. డ్రాఫ్ట్ నేను రాస్తాను, ఆదివారం ఇక్కడ పెడతాను.

ఆత్మకూరు_స్టాఫ్‌నర్స్ | మధ్యాహ్నం 2:15

నిద్ర లేచి చూశాను. ఆసుపత్రి మీద ఆశ పెట్టుకోవద్దన్నాను కానీ మనిషి చేయగలిగింది ఏమీ లేదా అని మా అమ్మాయి అడుగుతోంది. మాస్టారూ, నిజంగా వెలుగు కనపడితే ఏం చేయాలి? అయోడిన్ మాత్రలు అంటున్నారు, అవి థైరాయిడ్ ఒక్కదాన్నే కాపాడతాయి, ఒంటికంతా కవచం కాదు, అది మాత్రం నేను చెప్పగలను.

సూళ్లూరుపేట_పిల్ల | మధ్యాహ్నం 2:40

మాస్టారు చెప్పేలోపు ఒకటి. మా ఊరి అలవాటే ప్రమాదం అక్కా. వెలుగు కనపడగానే మిద్దె మీదికో కిటికీ దగ్గరికో పరిగెత్తుతాం. 2013 ఫిబ్రవరిలో రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలినప్పుడు జనం అదే చేశారు. వెలుగు చూసి కిటికీల దగ్గర నిలబడ్డారు, కాసేపటికి గాలి దెబ్బ వచ్చి అద్దాలు మొహం మీద పగిలాయి. సుమారు 1,500 మందికి గాయాలు, చాలామందికి గాజు పెంకులే. కాబట్టి వెలుగు కనపడితే కిందికి, గోడ వారకి, బోర్లా పడుకుని తల కప్పుకోవడం. మోత వచ్చి పోయేదాకా లేవకూడదు.

కందుకూరు_ఫిజిక్స్ | మధ్యాహ్నం 3:05

అమ్మాయి బాగా చెప్పింది. దానికి ఒక్కటి కలుపుతాను. దగ్గర్లో పడితే చేసేది ఏమీ లేదు, అది దాచిపెట్టను. దూరంగా పడితే గాలికి వచ్చే ధూళి ప్రమాదం. ఆ ధూళి రేడియేషన్ తొందరగానే తగ్గుతుంది: ఏడు గంటలకి పదో వంతుకి, 49 గంటలకి, అంటే రెండు రోజులకి, వందో వంతుకి. అందుకని మొదటి రెండు రోజులు పక్కా ఇంట్లో, మధ్య గదిలో, తలుపులు మూసుకుని ఉండగలిగితే చాలా ప్రాణాలు దక్కుతాయి. బయటి నుంచి వచ్చినవాళ్ళు బట్టలు విప్పి బయటే పెట్టి ఒళ్ళు కడుక్కోవాలి. నీళ్ళు మూత పెట్టినవే తాగాలి. రేకుల షెడ్డు, పూరిల్లు పనికిరావు. మన రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా గుడిసెల్లో ఉండే కుర్రాళ్ళు ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే ఇంకేం రాయబుద్ధి కావట్లేదు.

కోవూరు_వరిమడి | రాత్రి 8:20

అందరికీ దండం. ఇవాళ అన్నం దగ్గర మా చిన్నదానికి చెప్పాను, "అట్లా జరగదు అని నేను చెప్పింది సరికాదమ్మా, జరగకుండా చూసుకోవాల్సిన పని ఉంది" అని. నార్వే రాకెట్ సంగతి చెప్పాను. పెట్రోవ్ సంగతి చెబితే "ఆయన ఇంకా బతికే ఉన్నాడా" అని అడిగింది. 2017లో పోయాడని ఫోన్‌లో చూసి చెప్పాను. తర్వాత ఉత్తరం మీద తనూ సంతకం పెడతానంది, పిల్లల సంతకం చెల్లుతుందో లేదో మేడమ్ గారే చెప్పాలి.

మా నాయన మాత్రం ఒక్కటే అడిగాడు. మే 10న కాల్పులు ఆగింది ఒక ఫోను వల్ల అని వార్తల్లో అన్నారు కదా, ఆ ఫోను ఇప్పుడు కూడా పనిచేస్తుందా అని. హవల్దార్ గారూ, ఇది మీరే చెప్పాలి.

గిద్దలూరు_హవల్దార్ | రాత్రి 9:02

పెద్దాయనకి నా నమస్కారం చెప్పండి. అది రెండు సైన్యాల డీజీఎంఓల (సైనిక చర్యలు చూసే పెద్ద అధికారుల) మధ్య హాట్‌లైన్, అంటే నేరుగా కలిసే ఫోను. 1971 యుద్ధం తర్వాత నుంచి ఉంది. మే 10 మధ్యాహ్నం 3:35కి అవతలి నుంచి కాల్ వచ్చింది, సాయంత్రం 5 గంటల నుంచి ఆపుదామని ఒప్పుకున్నారు. ఆ రాత్రి మళ్ళీ డ్రోన్లు వచ్చాయి, ఒప్పందం చెడిపోయిందనుకున్నాం. అయినా 12న సాయంత్రం ఇద్దరూ మళ్ళీ ఫోన్‌లో మాట్లాడుకున్నారు. ఆ పక్క ఎవరున్నా, ఎంత కోపమున్నా, మోగితే ఎత్తాలి. పనిచేస్తుందని చెప్పండి.